క్రొత్త వెర్షను వచ్చినపుడు పాత పని ఏల ఆగును?

మన పాఠశాలలో చదువు ముగించి పై చదువులకు బోయిన బాలబాలికలలో పెక్కురు నేడు కంప్యూటరు విద్యను అభ్యసించుచున్నారు. బెంగుళూరు మన హోసూరునకు నలుబది కిలోమీటర్ల దూరముననే యుండుటచేత ఈ విద్యపై మనవారికి మక్కువ కలుగుట సహజము. ఇందు ప్రవేశించిన పిల్లలకు తఱచుగా తటస్థించు ఒక చిక్కును గూర్చియు, ఆ చిక్కు వచ్చినపుడు ఇంటిలోని పెద్దలు తెలిసికొనియుండదగిన సంగతులను గూర్చియు ఈ సంచికలో వ్రాయదలచితిమి. చిక్కు ఇట్టిది: నిన్నటిదాక చక్కగా నడచిన పని, పిల్లవాడు తాను వ్రాసినదానిలో ఒక్క అక్షరమైనను మార్చకుండగనే, నేడు ఆగిపోవును. తెరమీద ఎఱ్ఱని అక్షరములతో అరువది డెబ్బది పంక్తుల ఇంగ్లీషు వచ్చి నిలుచును. ముందు దినము తాను చేసినదెల్ల సాఫ్ట్‌వేరును క్రొత్త వెర్షనునకు మార్చుటయే.

ఇది చిన్న సంగతిగా కనబడవచ్చును. కాని దీని మూలమున ఇండ్లలో ఎంతెంత నిర్ణయములు జరుగుచున్నవో మేము చూచుచున్నాము. 2025వ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక తండ్రిగారు మా గదికి వచ్చిరి. ఆయనకు పూలతోట కలదు. పెద్దకుమారుడు మన పాఠశాలలో చదివి ఇంజనీరింగు మూడవ సంవత్సరమున నుండెను. కుమార్తె మన ఏడవ తరగతిలో నుండెను. కుమారుడు చేసిన ప్రాజెక్టు, కళాశాలలో చూపవలసిన దినమునకు నాలుగు దినముల ముందు నడువక ఆగిపోయినదట. రెండు రాత్రులు నిద్రలేక కూర్చుండినను తెమలలేదట. "అయ్యవారూ, వాడికి ఇంగ్లీషు సరిగా రాకే ఇట్లయింది. చిన్నదాని టీసీ ఇచ్చేయండి, వచ్చే ఏడు ఇంగ్లీషు బడిలో వేస్తాను" అని ఆయన అడిగిరి. టీసీ కోరిన తలిదండ్రులకు కాదనుటకు మాకు అధికారము లేదు. ఆ మాట ఆయనకు చెప్పియే, కుమారుని యంత్రముతో సహా శనివారము పంపవలసినదని కోరితిమి. ఆ దినము మేమును, మా కంప్యూటరు ఉపాధ్యాయులును, ఆ బాలుడును కలసి చూచినదే ఇచ్చట పాఠముగా వ్రాయుచున్నాము.

ముందుగా బిల్డు అను మాటను తెలిసికొందము. ప్రోగ్రాము వ్రాయుట యొకటి, దానిని యంత్రము నడపగల రూపమునకు తెచ్చుట వేఱొకటి. విద్యార్థి వ్రాయునది మనుష్యులు చదువగల ఫైళ్ళు. వానిని అనువదించి, ఇతరులు వ్రాసియుంచిన భాగములను తెచ్చి జతపరచి, బొమ్మలను చేర్చి, అంతయు ఒక పొట్లముగా కట్టినపుడే అది ఫోనులో నడచు యాప్ అగును. ఈ కట్టుబడి పనికే బిల్డు అని పేరు. దీనిని చేయించు ప్రోగ్రామును బిల్డు టూలు అందురు.

మన తలిదండ్రులలో పలువురు సిప్కాటు కర్మాగారములలో పనిచేయుచున్నారు గనుక వారికి ఇది బోధపరచుట సులభము. మోటారు సైకిళ్ళను కూర్చు వరుసలో నిలిచినవాడు చక్రమును తాను చేయడు, గొలుసును తాను చేయడు, బోల్టును అంతకన్నను చేయడు. అవి వేఱువేఱు చోటుల నుండి వచ్చును. ఏ భాగము ఏ కొలతది, దేని తరువాత ఏది బిగింపవలెను అను పట్టిక ఆతని యెదుట నుండును. బిల్డు టూలు అట్టి వరుసకు మేస్త్రి వంటిది. విద్యార్థి స్వయముగా వ్రాసినది మొత్తములో స్వల్పభాగమే. తక్కినదంతయు ఇతరులు చేసినది. వారు తమ తమ వీలునుబట్టి వానిని మార్చుచుందురు. ఒకనాడు క్రొత్తగా వచ్చిన బోల్టుల పెట్టెలో బోల్టు లావును అదే, పొడవును అదే, కాని థ్రెడ్డు మాత్రము వెండ్రుకవాసి మారినదనుకొనుడు. నట్టు రెండు త్రిప్పులు తిరిగి బిగిసిపోవును. బిగించువాని చేతిలో దోషము లేదు. నట్టు మంచిదే, బోల్టును మంచిదే. రెండును ఒకదానికొకటి పొసగలేదు, అంతే.

వెర్షను మార్పుతో ఆగిపోయిన బిల్డులలో చాలభాగము ఇట్టివే. విద్యార్థి తెలివికిని వానికిని సంబంధము లేదు. ఈ ఒక్క సంగతి తెలియకపోవుటచేతనే పిల్లలు తమ కోడులో లేని తప్పును వెదకుచు రాత్రులు గడుపుదురు. ఉన్న మంచిని గూడ చెఱుపుకొందురు.

ఈ టూళ్ళ చరిత్ర కొంత వినోదకరమైనది. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టువర్టు ఫెల్డ్‌మన్ అను నాయన 'మేక్' అను బిల్డు టూలును వ్రాసెను. అందలి పట్టికలో ప్రతి ఆజ్ఞకు ముందు టాబ్ అను మీటను నొక్కవలయును. దానికి బదులు మామూలు ఖాళీలు పెట్టినచో, కంటికి రెండును ఒకటిగనే కనబడినను, పని ఆగును. ఇది ఇబ్బందియని ఆయనకు త్వరలోనే తెలిసెను. కాని అప్పటికే పండ్రెండుమంది వరకు దానిని వాడుచుండిరట, వారి పని చెడునని మార్చకుండెను. ఆ డజనుమంది సుఖమునకై ఏబది యేండ్లుగా లోకమంతయు టాబ్ నొక్కుచున్నది! నవ్వు వచ్చు సంగతియే గాని ఆయన సంకోచమునందు మాకు గౌరవము కలదు. నేటి టూళ్ళవారు దానికి సరిగా వ్యతిరేకమైన మార్గమున నడచుచున్నారు. పాతవారికి ఏమగునో చూడక మార్చుటయే అభ్యుదయమని తలచువారు వారిలో లేకపోలేదు. మేక్ తరువాత జావా భాషకొఱకు 2000 ప్రాంతమున యాంట్, పిమ్మట మేవెన్, అటుపిమ్మట గ్రేడిల్ వచ్చినవి. 2013లో గూగుల్ వారు ప్రకటించిన ఆండ్రాయిడ్ స్టూడియో మొదలుకొని ఫోను యాప్‌లకు గ్రేడిల్ వాడుక స్థిరపడినది. మన పిల్లలకు ఎదురగునది ముఖ్యముగా ఇదియే.

వెర్షనునకు సాధారణముగా మూడు అంకెలుండును. చివరి అంకె మారినచో ఏదో చిన్న లోపమును సరిచేసిరని అర్థము. నడిమి అంకె మారినచో క్రొత్త సౌకర్యము చేర్చిరని అర్థము. మొదటి అంకె మారినచో, పాతది ఇందులో నడువకపోవచ్చునని ముందుగా హెచ్చరించుట. అందఱును ఈ మర్యాదను పాటింపరు. అయినను మొదటి అంకె మారునప్పుడు పరీక్షకు నాలుగు దినముల ముందు దానిని అంగీకరింపరాదని తెలిసికొనుటకు ఈపాటి జ్ఞానము చాలును.

ఇక ఆ బాలుని యంత్రము. ఆతడు పూలతోటలవారు దినదినము తమ పూలకు వచ్చిన ధరను వ్రాసికొనుటకు ఒక యాప్‌ను ఫ్లట్టర్ అను సాధనముతో చేసెను. తెరమీద వచ్చిన డెబ్బది పంక్తులను ఆతడు పైనుండి క్రిందికి వేగముగా చూచి, "ఏమీ అర్థము కాదు సార్" అనెను. మా ఉపాధ్యాయులు ఆతనిచేత ఒక్కొక్క పంక్తిని బిగ్గఱగా చదివించిరి. గ్రేడిల్ తన వైఫల్యమును చెప్పు పద్ధతి ఎప్పుడును ఒకటే. నక్షత్రపు గుర్తు పెట్టి మూడు నాలుగు శీర్షికలను వేయును. 'వేర్' అను దాని క్రింద ఏ ఫైలులో, ఏ పంక్తిలో అని యుండును. 'వాట్ వెంట్ రాంగ్' అను దాని క్రింద ఏమి చెడినదో యుండును. 'ట్రై' అను దాని క్రింద ఏమి చేసి చూడవలెనో యుండును. తక్కిన పంక్తులలో చాలవఱకు యంత్రము తాను నడచిన త్రోవను చెప్పుకొనుటయే. దీర్ఘముగా వచ్చిన చోట 'కాజ్డ్ బై' అను మాటను వెదకవలయును. అట్టివి పెక్కు ఉన్నచో అన్నిటికంటె చివరిది మూలకారణమునకు దగ్గఱ. డెబ్బది పంక్తులలో ఆ బాలునకు కావలసినది ఒక్కటే. అది ఇది: అన్‌సపోర్టెడ్ క్లాస్ ఫైల్ మేజర్ వెర్షన్ 65.

అన్‌సపోర్టెడ్ అనగా 'దీనిని నడపుట మాకు చేతకాదు' అని. తక్కినది ఒక అంకె. జావా అనువాదకుడు తయారుచేయు ప్రతి ఫైలునందును, అది ఏ కాలపు జావాచే చేయబడినదో తెలుపు అంకె మొదటనే యుండును. పాత్రసామానుమీద ముద్ర వంటిది. ఆ అంకెనుండి 44 తీసివేసిన జావా వెర్షను వచ్చును. 52 అయినచో జావా 8, అది 2014లో వచ్చినది. 55 అయినచో జావా 11, అది 2018లోనిది. 61 అనగా 17, అది 2021లోనిది. 65 నుండి 44 తీసివేయగా 21. ఇది 2023 సెప్టెంబరులో వచ్చినది. నాలుగవ తరగతి పిల్లవాడు చేయగల తీసివేత ఇది. ఇంజనీరింగు బాలుడు రెండు రాత్రులు దీనిని చేయకపోవుటకు ఇంగ్లీషు కారణము కాదు. ఆ పంక్తిని ఆతడు అంతవఱకు చదువలేదు.

కావున చెప్పబడినదేమనగా: ఎవరో జావా 21తో చేసినదానిని తెచ్చి పెట్టినారు, దానిని చదువుట నాకు తెలియదు. ఇట్లు చెప్పుచున్నదెవరు? గ్రేడిల్. ఆ ప్రాజెక్టులోని గ్రేడిల్ రాపర్ అను చిన్న ఫైలును తెఱచి చూడగా 7.5 అని యున్నది. గ్రేడిల్ 7.5 నడువగలది జావా 18 వఱకే. జావా 21మీద నడచుటకు గ్రేడిల్ 8.5 కావలయును. మఱి జావా 21 ఎక్కడనుండి వచ్చెను? బాలుడు దానిని తేలేదు. ఆండ్రాయిడ్ స్టూడియో తనలో ఒక జావాను ఇముడ్చుకొనియే వచ్చును. ఫ్లట్టర్ దానినే తీసికొని వాడుకొనును. 2023లో ఫ్లెమింగో అను పేరుతో వచ్చిన స్టూడియోలో జావా 17 ఉండెను. 2024లో లేడీబగ్ అను పేరుతో వచ్చినదానిలో జావా 21 ఉండెను. 'క్రొత్త వెర్షను సిద్ధముగా నున్నది' అని తెరమీద మూల కనబడిన చిన్న పెట్టెను ఆతడు ఒక రాత్రి నొక్కెను. అంతటితో గ్రేడిల్ కాళ్ళ క్రింది నేల మారిపోయినది.

ఈపాటి తెలిసిన పిమ్మట సరిచేయుట పది నిముషముల పని కావలసినది. కాలేదు. ఏలయనగా ఆ రెండు రాత్రులలో ఆతడు ఎవరెవరో ఇచ్చిన సలహాల ననుసరించి నాలుగు ఫైళ్ళలో మార్పులు చేసియుండెను. ఒకరు గ్రేడిల్ మార్చుమనిరి, ఒకరు కోట్లిన్ మార్చుమనిరి, ఒకరు అంతయు తీసివేసి మరల ఎక్కింపుమనిరి. ఇపుడు మొదటి దోషముపై మఱి మూడు దోషములు చేరినవి. అదృష్టవశమున కళాశాలవారి నియమముచేత ఆతడు తన పనిని గిట్ అను సాధనములో ఎప్పటికప్పుడు దాచుచుండెను. గిట్ పాత ప్రతులను ఒక్కొక్కటిగా భద్రపరచునది. నాలుగు ఫైళ్ళను అప్‌గ్రేడుకు ముందున్న స్థితికి మరలించుటకు అది చాలినది. అపుడు మొదటి దోషము ఒక్కటియే మిగిలెను. వైద్యుడు నాలుగు మందులు ఒకేసారి ఇచ్చినచో ఏది పనిచేసినదో, ఏది దద్దురులు తెచ్చినదో తెలియదు. ఇచ్చటను అంతే. ఒక మార్పు చేయవలయును, బిల్డు చేసి చూడవలయును, ఫలితమును కాగితముమీద వ్రాయవలయును, పనికిరానిచో ఆ మార్పును తీసివేసిన తరువాతనే రెండవది చేయవలయును. వ్రాయుట విసుగని పిల్లలు అందురు. అర్ధరాత్రి దాటిన పిమ్మట ఏది చేసితిమో, ఏది చేయలేదో ఎవరికిని జ్ఞాపకముండదు.

సరిచేయు మార్గములు రెండు కలవు. మొదటిది, జావా 17ను విడిగా తెచ్చి పెట్టుకొని, ఫ్లట్టర్‌నకు 'ఇకమీదట దీనినే వాడుము' అని ఒక ఆజ్ఞచే చెప్పుట. గ్రేడిల్ 7.5కు జావా 17 చక్కగా పొసగును. రెండవది, గ్రేడిల్‌ను 8.5 గాని, ఆ పైది గాని చేయుట. చూచుటకు రెండవదియే ఘనముగా నుండును. కాని గ్రేడిల్ పెంచినచో దానికి అనుబంధముగా నుండు ఆండ్రాయిడ్ ప్లగిన్‌ను గూడ పెంచవలసివచ్చును. ఆ ప్లగిన్ 2023లో 8.0 అయినపుడు, ప్రతి భాగమును తన పేరిటి చోటును, అనగా 'నేమ్‌స్పేస్'ను, బిల్డు ఫైలులో ప్రకటింపవలెనని నియమము పెట్టిరి. పాత భాగములలో అది యుండదు. అందుచేత బాలుడు తెచ్చుకొన్న భాగములలో కొన్నిటిని గూడ మార్చవలసివచ్చును. ఒక బోల్టు మార్చబోయి బండి నంతయు విప్పుట యన్నమాట. ప్రాజెక్టు చూపుటకు రెండే దినములున్నవి గనుక మా ఉపాధ్యాయులు మొదటి మార్గమునే పట్టించిరి. జావా 17 పెట్టి, వెనుక దాగి నడచుచున్న పాత గ్రేడిల్‌ను ఆపుచేసి, మరల బిల్డు చేయగా యాప్ నడచెను. రెండవ మార్గమును ఆతడు వేసవి సెలవులలో నిదానముగా చేసికొనెను. దానికి ఆతనికి పదునొకండు దినములు పట్టినది. ఎప్పటికిని మొదటి మార్గముననే యుండిపోవుట మంచిది కాదు. పాత వెర్షనులకు రక్షణ సంబంధమైన సవరణలు రావు. కాని ఎప్పుడు మార్చవలెనను దానిని నిర్ణయించువాడు విద్యార్థియే కావలయును గాని తెరమూల కనబడు పెట్టె కాదు.

టీసీ సంగతి చెప్పక విడిచితిమి. తండ్రిగారు సోమవారము వచ్చి, 65 లోనుండి 44 తీసివేయు లెక్కను కుమారునిచేత మరల చెప్పించుకొని వినిరి. చిన్నది ఇపుడు మన ఎనిమిదవ తరగతిలో నున్నది.

మఱికొన్ని తఱచు వచ్చు చిక్కులను క్లుప్తముగా చెప్పుదము. పాత పుస్తకములలోను, పాత వీడియోలలోను ఇతరుల భాగములను చేర్చుటకు 'కంపైల్' అను మాట వాడియుండును. 2021లో గ్రేడిల్ 7.0 వచ్చినపుడు ఆ మాటను తీసివేసి, దాని స్థానమున ముందే ప్రవేశపెట్టిన 'ఇంప్లిమెంటేషన్' అనుదానిని నిలిపిరి. పుస్తకమును చూచి అక్షరము పొల్లుపోకుండ వ్రాసినవానికే ఈ తప్పు వచ్చును; శ్రద్ధగలవానికే శిక్ష. ఇంకొకటి, భాగములు నిలువయుంచు గిడ్డంగులు మారుట. జేసెంటర్ అను పేరుగల గిడ్డంగిని మూయుచున్నామని 2021 ఫిబ్రవరిలో ప్రకటించిరి. మేవెన్ సెంట్రల్ అను గిడ్డంగివారు 2020 జనవరి 15 నుండి భద్రత లేని పాత త్రోవన వచ్చినవారికి తలుపు తీయుట మానిరి. ఇట్టి సందర్భములలో 'కుడ్ నాట్ రిజాల్వ్' అని వచ్చును. 'వెదకితిని, దొరకలేదు' అని దాని తాత్పర్యము. అయితే ఇంటిలో నెట్టు డేటా అయిపోయినను ఇదే మాట వచ్చును. ముందు దానిని చూచుకొని, పిమ్మట గిడ్డంగులను అనుమానింపవలయును!

డేటా మాట వచ్చినది గనుక ఒక హెచ్చరిక. ఏది చెడినను 'కాషే తుడిచివేయుము' అని సలహా ఇచ్చువారు కలరు. అనగా యంత్రము ఇదివఱకు తెచ్చి దాచుకొన్న భాగములనెల్ల పాఱవేయుమని. ఒక్కొక్కప్పుడు అది అవసరమే. కాని గ్రేడిల్ ఒక్కటియే నూరు మెగాబైట్లకు మించియుండును. తక్కిన భాగములు దానికి ఎన్నోరెట్లు. ఫోను డేటాతో చదువుకొను పిల్లవానికి అది ఒక దినపు గ్రాసమంతయు తినివేయును. దానిని చిట్టచివరి ఉపాయముగా నుంచుకొనవలయును.

వెర్షను మార్పు ఎల్లప్పుడును కీడే చేయుననుకొనరాదు. మన ప్రయోగశాలలోనే దీనికి వ్యతిరేకమైన అనుభవము కలదు. తరగతి పిల్లల పేర్లను ఒక ఫైలులో తెలుగున వ్రాసియుంచి, వానిని కిటికీలో చూపు చిన్న ప్రోగ్రామును జావా 8లో చేయించితిమి. పేర్లకు బదులు వింత గుర్తులు వచ్చినవి. 'అ' అను అక్షరమునకు బదులు, నెత్తిన గీటుగల ఇంగ్లీషు 'ఏ' వంటిదొకటి, చిన్న సున్న యొకటి, మూడు చుక్కలు. కారణమిది. యూనికోడు పద్ధతిలో మన తెలుగు అక్షరమునకు మూడు బైట్లు పట్టును. పాత జావా విండోస్ యంత్రముమీద నడచునపుడు, ఫైలు ఏ లిపి పద్ధతిలో నున్నదో ప్రత్యేకించి చెప్పనిచో, పడమటి దేశముల పద్ధతియే అనుకొని, ఆ మూడు బైట్లను మూడు వేఱు గుర్తులుగా చదువును. 2022 మార్చిలో వచ్చిన జావా 18తో ఈ ఊహ మారినది. చెప్పకున్నను యూటీఎఫ్-8 పద్ధతిలోనే చదువవలెనని నియమించిరి. ప్రయోగశాలలో జావా 21 ఎక్కించిన దినమున, ఒక్క అక్షరము మార్చకుండగనే, ముప్పది యిద్దఱు పిల్లల పేర్లును తెలుగున తెరమీద నిలిచినవి. ఆ దినమున పిల్లలు చేసిన చప్పుడునకు ప్రక్క తరగతివారు వచ్చి చూచిరి. ఇదివఱకు తెలుగువానికి వచ్చిన చిక్కు ఇంగ్లీషువానికి రాకుండెను; ఆ భేదమును క్రొత్త వెర్షను తీసివేసినది.

ఇక ఇంగ్లీషు ప్రశ్న. ఇంగ్లీషు అక్కఱలేదని మేము చెప్పుట లేదు. ఈ టూళ్ళ వివరణ గ్రంథములన్నియు ఇంగ్లీషుననే యున్నవి, చదువక తప్పదు. కాని తెరమీద వచ్చు తప్పుల ఇంగ్లీషు కావ్యముల ఇంగ్లీషు కాదు. అందు పదేపదే వచ్చు మాటలు నలుబది మించవు. 'డెప్రికేటెడ్' అనగా ఇపుడు నడచును గాని త్వరలో తీసివేయుదుము అని. ఇది ఆజ్ఞ కాదు, నోటీసు. గ్రేడిల్ ఇట్టి నోటీసులను ముందు వెర్షనులోనే ఇచ్చును. వానిని సకాలమున చదివినవానికి తరువాతి అప్‌గ్రేడు కష్టము కాదు. 'ఇన్‌కంపాటిబుల్' అనగా పొసగనిది. 'ఎక్స్‌పెక్టెడ్', 'ఫౌండ్' అని జంటగా వచ్చినచో, 'నేను కోరినది ఇది, దొరికినది అది' అని. 'పర్మిషన్ డినైడ్' అనగా అనుమతి లేదు. ఈ మాటలకు తెలుగున అర్థము తెలిసిన పిల్లవాడు తెలుగుననే ఆలోచించి మూలకారణమును పట్టుకొనగలడు. డెబ్బది పంక్తులను చూచి బెదరుట ఇంగ్లీషు మీడియము పిల్లలకును కలదు. మా ఉపాధ్యాయులు ఇదివఱకు అట్టి పాఠశాలలో పనిచేసినవారు, వారు చెప్పగా వింటిమి. ఇంట తెలుగు, వీథిలో తమిళము, సంతలో కన్నడము మాటలాడు మన పిల్లలకు ఒక మాటను ఒక భాషనుండి వేఱొక భాషలోనికి మార్చుకొనుట పుట్టుకతో వచ్చిన అలవాటు. దానిని ఇచ్చటను వాడుకొమ్మనియే మా ప్రార్థన.

కంప్యూటరు తెలియని తలిదండ్రులు మేమేమి చేయగలమని అడుగవచ్చును. ఎఱ్ఱని అక్షరముల యెదుట కూర్చుండిన పిల్లవానిని మూడు ప్రశ్నలు తెలుగున అడుగవచ్చును. నిన్నటికిని నేటికిని ఏమి మారినది? 'వాట్ వెంట్ రాంగ్' క్రింద ఏమి వ్రాసియున్నది, నాకు తెలుగున చెప్పుము? నిన్నటి స్థితికి మరల పోగలవా? మొదటి ప్రశ్నకు పిల్లవాడు 'ఏమియు మారలేదు' అనును. రెండవసారి అడుగుడు. సాధారణముగా అపుడు ఆ చిన్న పెట్టె నొక్కిన సంగతి జ్ఞాపకమునకు వచ్చును. రెండవ ప్రశ్నకు జవాబు చెప్పుటకై ఆతడు ఆ పంక్తిని మొదటిసారి నిజముగా చదువును. సగము పని అక్కడనే తీరును. మూడవదానికి 'పోలేను' అని వచ్చినచో, గిట్ వాడుట ఆ వారములోనే నేర్చుకొమ్మని చెప్పుడు. అర్ధరాత్రి దాటినచో దీపమార్పి పండుకొనుమనుడు. యంత్రమును దుకాణమునకు కొనిపోయి 'ఫార్మాటు' చేయించుట మాత్రము వలదు. అందు పిల్లవాని పనియంతయు పోవును, దోషము ఆ ప్రాజెక్టు వెంట మరల వచ్చును.

ఆ నలుబది మాటలకును తెలుగు అర్థములు వ్రాసిన నోటుపుస్తకము ప్రయోగశాలలో కిటికీ ప్రక్కనున్న బల్లమీద నున్నది. పూర్వవిద్యార్థులును వచ్చి చూచుకొని, క్రొత్త మాటలు చేర్చవచ్చును. జావా, గ్రేడిల్ వెర్షనుల పొత్తును గూడ అందు పట్టికగా వేసితిమి. 2025 జూలైలో వచ్చిన గ్రేడిల్ 9.0 నడచుటకు జావా 17 అయినను ఉండవలయునని చివరి పుటలో చేర్చితిమి. ఇంకను జావా 11 మీద ప్రాజెక్టులు చేయుచున్నవారు దానిని చూచుకొని, పరీక్షలు ముగిసిన పిమ్మట మార్చుకొనుట అనుకూలము. ఏప్రిలు, మే మాసములలో శనివారము ఉదయము 10 గంటల నుండి 1 గంట వఱకు ప్రయోగశాల తెఱచియుండును. వచ్చునపుడు యంత్రముతో పాటు దాని ఛార్జరును తీసికొనిరావలయును.